పలక కింద కాగితం

నాకు నోరు ముందు, బుర్ర వెనక. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంటికి కోడలిగా వచ్చిన రోజునుంచీ వదిన ఈ మాట అంటూనే ఉంది. "ముందు ఆలోచించుకుని తర్వాత అరవవే తల్లీ" అంటుంది. నేను అరిచాక ఆలోచిస్తాను. ఇంట్లో అయితే దాంతో ఒక గిన్నె పగులుతుంది, ఒక పూట మాటలుండవు, అంతే.

ఉద్యోగంలో మాత్రం నేను చాలా నిదానం అని పేరు. నా ఉద్యోగం పలకల్ని కొట్టడం. నవ్వకండి, నిజంగా అదే. మా ఫ్యాక్టరీలో ఒక చివర ఫర్నేసు షెడ్డు ఉంటుంది, ఇంకో చివర పరీక్షల గది. ఆ గదిలో చిన్న సుత్తి పట్టుకుని, యంత్రాల పక్కన నేల మీద పరిచే కొత్త పలకల్ని ఒక్కో చోట ఒక్కో దెబ్బ కొడుతుంటాను. పలక ఎలా అదిరిందో దాని మీద అంటించిన చిన్న బిళ్ళ కంప్యూటర్‌కి చెబుతుంది. ప్రతి పలకకీ సెకనుకి ఇన్నిసార్లు అని ఒక సొంత ఊపు ఉంటుంది. పక్కన నడిచే యంత్రం సరిగ్గా అదే ఊపుతో కుదిపితే ఇక పలకని పట్టలేం. అందుకే ఆ రెండు అంకెలూ దగ్గరికి రాకుండా చూసి, రిపోర్టు మీద సంతకం పెట్టాలి. షెడ్డులో అందరూ నన్ను టకటక అంటారు. ఆ పేరు పెట్టింది కూడా వదినే.

వదినది ఫర్నేసు దగ్గర పని. తలుపుకి ఉన్న చిన్న కిటికీలోంచి నల్లద్దం పెట్టుకుని మంట రంగు చూసి, లోపల వేడి ఎంతుందో స్విచ్చుల బోర్డు దగ్గరున్నతనికి చెప్పాలి. ఆ కిటికీ ముందు నిలబడే చోట ఇనప రేకు ఉండేది. వేడికి అది ఏటా వంకర పోతుండేది. దాని బదులు ఈసారి కొత్తరకం పలక తెప్పించారు. పైన పింగాణీ, కింద లోహం. రెండింటికీ మధ్య అతుకు ఉండదు. పింగాణీ కొంచెం కొంచెంగా తగ్గుతూ, లోహం కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది. అతుకు లేదు కాబట్టి వేడికి విడిపోదు. కింద సిమెంటు గచ్చు మీద రబ్బరు ప్యాడ్లు వరసగా పరిచి, వాటి మీద పలక పెట్టారు. అదే గచ్చు మీద, పది అడుగుల అవతల, పొగ లాగే పెద్ద ఫ్యాన్ ఉంది.

ఆ పలకకి పరీక్ష చేసింది నేనే. అదే రకం చిన్న నమూనా పలకని కొట్టి చూసి, పెద్దదాని సొంత ఊపు సెకనుకి ముప్పై ఒకటి అని తేల్చాను. పెద్ద ఫ్యాన్ సెకనుకి ఇరవై సార్లు తిరుగుతుంది. ఇరవైకీ ముప్పై ఒకటికీ బోలెడు దూరం. మా పరీక్షల గదికి పైన ఉండే పెద్దసారు కాగితం మీద వేసిన లెక్కకి నా కొలత అచ్చంగా సరిపోయింది. "ఇంత చక్కగా కుదిరిన రిపోర్టు నేను ఈమధ్య చూడలేదమ్మా" అన్నాడాయన. ఆ వారమంతా నా కాళ్ళు నేలమీద లేవు.

ఫర్నేసు వెలిగించి మూడు రోజులైంది. చిన్న మంట, చిన్న ఫ్యాన్‌తోనే నెట్టుకొస్తున్నారు, కిటికీలోంచి చూసే పని ఇంకా మొదలవలేదు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి పెద్ద ఫ్యాన్ మొదటిసారి వేస్తారు.

ఎనిమిదిన్నరకి వదిన ఫోటో పంపింది. కొత్త పలక పక్కన నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఎవరో కింద కూర్చుని తీసినట్టున్నారు, బూట్లే ముందు కనిపిస్తున్నాయి. దాంతో పాటు గొంతు రికార్డు చేసి పెట్టింది. "ఏమే టకటకా, నీ పలక మీదే నిలబడతాను ఈ రోజునుంచీ. వంటింట్లో నువ్వు కడిగిన గచ్చు మీద జారిపడ్డట్టు ఇక్కడా పడితే మాత్రం మీ అన్నయ్యకి నువ్వే జవాబు చెప్పుకో."

నవ్వుకున్నాను. పలక ఎంత బాగా పడిందో చూద్దామని ఫోటో పెద్దది చేశాను. అంచుకి బిగించే ఇనప బద్ద ఇంకా బిగించలేదు. దాంతో కింద రబ్బరు ప్యాడ్లు కనిపిస్తున్నాయి. ప్యాడ్ల మీద తెల్లగా ఏదో ఉంది.

పౌడరు. ప్యాడ్లు ఒకదానికొకటి అంటుకోకుండా కంపెనీవాళ్ళు చల్లి పంపే పౌడరు.

పౌడరు అలాగే ఉందంటే తుడవలేదు. తుడవలేదంటే జిగురు పెట్టలేదు.

జిగురు పెట్టమని వాళ్ళకి ఎవరు చెప్పారు గనక? నా రిపోర్టులో ఆ మాటే లేదు. పరీక్షలో మొదటి రోజు సుత్తితో కొడుతుంటే నమూనా పలక ప్యాడ్ల మీద జరిగిపోతుండేది. అంకెలు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వచ్చాయి. విసుగొచ్చి ప్యాడ్లకి జిగురు పూసి అతికించేశాను. అప్పుడు అంకెలన్నీ బుద్ధిగా వచ్చి లెక్కతో కలిశాయి. ఎందుకు కలవవు? లెక్కలో ప్యాడ్లని స్ప్రింగులుగా రాస్తాం. పలక కిందికి దిగితే స్ప్రింగు పైకి తోస్తుంది. పలక పైకి లేస్తే కిందికి లాగుతుంది కూడా. కాగితం మీది స్ప్రింగుకి వదిలెయ్యడం తెలీదు. నిజం ప్యాడ్‌కి తోయడమే వచ్చు, లాగడం రాదు. నేను జిగురు పూసి దానికి లాగడం నేర్పించాను. నిజాన్ని కొలవాల్సిందాన్ని, నిజాన్నే పట్టుకుని లెక్కకి అతికించేశాను. పైగా అది రాయదగ్గ విషయంలా కూడా తోచలేదు నాకు.

గదిలో నమూనా పలక ఇంకోటి ఉంది. పౌడరు ఉన్న ప్యాడ్లు నాలుగు వరసలు పరిచి దాన్ని వాటి మీద పెట్టాను. ఫర్నేసు వేడికి బదులుగా పైనుంచి వేడి దీపం వేశాను. తొందరలో దీపం స్విచ్చు రెండుసార్లు తప్పింది. పైభాగం వేడెక్కితే అటువైపు సాగి, పలక నడుం వెంట్రుకవాసి పైకి లేవాలి. కంటికి కనిపించదు. పది నిమిషాలయ్యాక ఒక తెల్లకాగితం తీసుకుని పక్కనుంచి పలకకీ ప్యాడ్‌కీ మధ్య దూర్చి చూశాను. అంచు దగ్గర ఆగింది. ఇంకో వైపు నుంచి, రెండు ప్యాడ్ల సందులోంచి నడుం దాకా పోనిచ్చి పక్కకి లాగాను. మధ్య ప్యాడ్ల మీదుగా కాగితం హాయిగా జారిపోయింది.

అంటే అక్కడ పలక గాలిలో ఉంది, కింద ఆసరా తగ్గితే ఊపు కూడా తగ్గుతుంది. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాను. ముప్పై ఒకటి ఎక్కడా లేదు. షెడ్డులోని పెద్ద పలకకి లెక్కగడితే ఇరవై చుట్టుపక్కల ఎక్కడో తేలుతోంది. ఫ్యాన్ కూడా ఇరవై. వదిన నిలబడేది సరిగ్గా ఆ నడుం మీద.

గడియారం చూశాను. తొమ్మిదికి నాలుగు నిమిషాలు.

వదినకి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. పని మొదలయ్యే ముందు ఫోన్లన్నీ షెడ్డు బయట పెట్టెలో పెట్టేస్తారు. మేస్త్రీకి చేశాను, ఎత్తలేదు. పెద్దసారుకి చేశాను. ఎత్తాడు.

"సార్, ఫ్యాన్ వెయ్యొద్దని చెప్పండి. నా అంకె తప్పు."

"అదేంటమ్మా, లెక్కతో కలిసింది కదా?"

"జిగురు పెట్టి కలిపాను సార్! అక్కడ జిగురు లేదు!"

"ముందు కాస్త కుదురుగా చెప్పు. ఒక కాగితం మీద రాసి పట్రా, చూద్దాం."

"రాసే టైమెక్కడిది సార్!" అని ఫోన్ కట్ చేసేశాను. పెద్దాయన మాట్లాడుతుండగా ఫోన్ కట్ చెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి.

పరుగెత్తాను. పరీక్షల గదినుంచి షెడ్డుకి నడిస్తే పన్నెండు నిమిషాలు. స్టోరు పక్క సందులో లారీ అడ్డంగా పెట్టి అట్టపెట్టెలు దింపుతున్నారు. "జరగండి, జరగండి" అంటూ పెట్టెల మధ్యలోంచి దూరాను. మోచెయ్యి ఎక్కడో గీసుకుంది. లారీ డ్రైవరు "ఏంటమ్మా, ఎక్కడన్నా నిప్పంటుకుందా?" అని అరిచాడు. చెయ్యి ఊపి ముందుకే పోయాను. నా చెవుల్లో ఒక్క మాటే తిరుగుతోంది: మీ అన్నయ్యకి నువ్వే జవాబు చెప్పుకో. దేవుడా, దేవుడా, ఇంకో రెండు నిమిషాలు ఆలస్యం చెయ్యి, ఎవరికో ఒకరికి దగ్గొచ్చి ఆగేలా చెయ్యి అని మొక్కుకుంటూ పరుగెత్తాను.

షెడ్డు గుమ్మంలోకి రాగానే పెద్ద ఫ్యాన్ మోత వినిపించింది. వేసేశారు. నిండు వేగంతో తిరుగుతోంది.

పనివాళ్ళంతా పసుపు గీత వెనక గుంపుగా నిలబడి ఉన్నారు. పలక మీద ఒక్క వదినే ఉంది. చెవులకి మోత వినబడకుండా డిప్పలు పెట్టుకుని, మాకు వీపు తిప్పి, నల్లద్దంతో కిటికీలోకి చూస్తోంది. మూరెడు దూరంలో ఫర్నేసు తలుపు ఉంది.

"వీళ్ళంతా ఇక్కడెందుకున్నారు?" మేస్త్రీ చొక్కా పట్టుకున్నాను.

మేస్త్రీ నవ్వాడు. "రామ్మా రా, నీ గురించే అనుకుంటున్నాం. ఫ్యాన్ వేగం అందుకునేటప్పుడు పలక ఒక్కసారి మూలిగింది. అంతే, వీరులంతా దూకి ఇవతల పడ్డారు. ఒక్కడూ ఎక్కనంటాడు. అప్పుడు మీ వదినేం చేసిందో తెలుసా? 'మా ఆడపడుచు సంతకం పెట్టిన పలక ఇది, ఇంట్లో నోటికి హద్దుండదు గానీ పనిలో దానికి అబద్ధం చేతకాదు' అని చకచకా వెళ్ళి నడిమధ్యలో నిలబడింది. ఇదిగో నాలుగైదు నిమిషాలనుంచీ అలాగే ఉంది."

నా సంతకం. నా సంతకం చూసుకుని ఎక్కింది.

"ఆపండి!" అని గొంతు చించుకుని అరిచాను. "ఫ్యాన్ ఆపండి! ఆపేయండి!"

బోర్డు దగ్గరున్నతను నా మొహం చూశాడు. టకటక అరిస్తే ఊరికే అరవదనుకున్నాడో ఏమో, ఇంకేం అడగలేదు. ఎర్ర బొత్తాం నొక్కేశాడు.

ఫ్యాన్ మోత సన్నగా దిగడం మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను. ఒక్క ఊపిరి, నిజంగా ఒక్క ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు పనిచేసింది నా బుర్ర.

నాలుగైదు నిమిషాలనుంచీ ఫ్యాన్ నిండు వేగంతో తిరుగుతుంటే పలక కదలకుండా ఉంది. అంటే దాని ఊపు ఇరవై కాదు. ఇరవైకి కింద ఎక్కడో, పదహారో పదిహేడో. అందుకే వేగం అందుకునేటప్పుడు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మోటారు బలంతో ఫ్యాన్ ఆ అంకెని చిటికెలో దాటేసింది. దిగేటప్పుడు మోటారు ఉండదు. అంత పెద్ద ఫ్యాన్ తనంతట తాను, నెమ్మదిగా, ప్రతి అంకె దగ్గరా ఆగి ఆగి దిగుతుంది. ముందు వదినని దింపాలి, ఆ తర్వాత ఫ్యాన్ ఆపాలి. నేను తలకిందులుగా అరిచాను.

"వెయ్యి! మళ్ళీ వెయ్యి!"

"ఇప్పుడెలా వేస్తానమ్మా? అయిదు నిమిషాలదాకా బొత్తాం పట్టదు!"

"వదినా!" అని అరిచాను. డిప్పలు. వినబడదు. పసుపు గీత దాటి పరుగెత్తాను.

మూలుగు మొదలైంది. చెవికంటే ముందు కాళ్ళకి తెలిసింది. పలక అంచు ప్యాడ్ల మీదనుంచి లేచి పడటం కళ్ళారా చూశాను. పౌడరు తెల్లగా పొగలా లేచింది. వదిన అద్దం దించి కాళ్ళకేసి చూసుకుంది, తర్వాత వెనక్కి తిరిగింది. నన్ను చూసి నవ్వబోయింది. నా మొహం చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

ఇవతలికి అడుగు వెయ్యబోయింది. పలక కింది నుంచి తన్నింది. మనిషి వెనక్కి తూలింది. పడకుండా పట్టుకోవడానికి చెయ్యి చాపింది. చాపిన చేతికి అందింది ఫర్నేసు తలుపు.

ఆ కేక నేను చెప్పలేను.

పలక మీదకి ఎలా ఎక్కానో గుర్తులేదు. పళ్ళు టకటకలాడాయి, కళ్ళముందు అన్నీ రెండేసిగా కనిపించాయి. వదిన నడుం పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం గచ్చు మీద పడ్డాం. మేస్త్రీ, ఇంకో ఇద్దరు మా రెక్కలు పట్టుకుని పసుపు గీత అవతలికి లాక్కెళ్ళారు. వెనక ఠప్పుమని చప్పుడైంది. పలక పైభాగం ఈ మూలనుంచి ఆ మూలకి చీలింది. పెంకులు లేచి, కిటికీ ముందు వదిన నిలబడ్డ చోట ఎగిరి పడ్డాయి. ఆ తర్వాత ఇంకా చాలాసేపు ఫ్యాన్ నిదానంగా తిరిగి తిరిగి ఆగింది.

మందుల గదిలో నర్సు వదిన కుడి అరచేతికి తడిగుడ్డ వేసి, తర్వాత కట్టు కట్టింది. తోలు గ్లవ్ ఉండబట్టి సరిపోయింది గానీ, గ్లవ్ లోపల చర్మం పొంగిపోయింది. అమ్మ పోయిన ఇంట్లో నాకు జడలు వేసిన చెయ్యి అది. చిక్కులు తీస్తుంటే నేను గోల పెట్టి కొరికిన చెయ్యి. బల్ల పక్కన నిలబడి ఆ కట్టుకేసి చూస్తూ ఉండిపోయాను.

వదిన మొహం తెల్లగా పాలిపోయింది. అయినా నన్ను ఊరడించడానికే చూసింది. "ఏడవకే. చెయ్యేగా. నువ్వొచ్చి లాగకపోతే ఏమైపోయేదాన్నో. ఎవరో తెలివితక్కువ దద్దమ్మ నేను ఎక్కి ఉండగానే ఫ్యాన్ ఆపమన్నారటగా?"

మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ఆయన చెప్పలేదు. చెప్పడు కూడా. నేను నోరు మూసుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. నోరు ముందుండే నాకు, ఆ ఒక్కసారికి, నోరు పెగల్లేదు. భయం. పలక మీదకి ఎక్కినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

"నేనే" అన్నాను.

"ఏంటి నువ్వే?"

"ఆపమన్నది నేనే వదినా. పలక సంగతి తప్పు రాసింది కూడా నేనే. జిగురు పెట్టి కొలిచాను. ఆ మాట రాయలేదు. ఇక్కడ జిగురు లేదు. సంతకం నాదే. అరిచిందీ నేనే."

వదిన నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టమని మనసులో బతిమాలుకున్నాను కూడా. తిడితే నేను ఏదో ఒకటి అంటాను, ఒక పూట మాటలుండవు, రాత్రికి అన్నీ మామూలైపోతాయి. తిట్టలేదు. "సరేలే" అంది. అంతే అంది. కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది.

పెద్దసారు వచ్చాడు. ఆయనకీ అదే చెప్పాను, మేస్త్రీ ఎదుటే రాసిచ్చాను. ఫర్నేసు చల్లార్చేశారు. మిగతా రిపోర్టులన్నీ మళ్ళీ చూడాలన్నారు. మధ్యాహ్నం వదినని ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

ఇద్దరం గేటు వైపు నడిచాం. బాగా ఎండగా ఉంది. తన సంచీ నా భుజాన వేసుకున్నాను. దారి పొడవునా ఏదైనా అంటుందేమోనని చూశాను. నడక చూసి వెక్కిరిస్తుందేమో, అన్నయ్యకి ఏం చెబుతావని అడుగుతుందేమో. కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని నిదానంగా నడిచింది.

గేటు దగ్గర కాలవ మీద ఇనప రేకు ఒకటి పరిచి ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఉంది. రోజూ రెండు పూటలా దాని మీదనుంచే వదిన పనిలోకి వస్తుంది, పోతుంది. దాని మీదనుంచే లారీలు పోతాయి.

వదిన ఆ రేకు ముందు ఆగింది. ఒక కాలు ఎత్తి, మళ్ళీ వెనక్కి పెట్టేసింది. రేకుకేసి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. వెక్కిరింత ఏమీ లేదు ఆ చూపులో. అది ఉన్నా బాగుండేది.

"దీని మీద నడవొచ్చంటావా?" అంది.

సంచీ కింద పెట్టాను. ముందు నేనే ఎక్కి, నడిమధ్యలో నిలబడ్డాను.